సెన్సర్ లెక్కపెట్టేది పెట్రోలును కాదు

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలుగుతుంది. బండి నడుస్తూనే ఉంటుంది, కానీ పికప్ కాస్త తగ్గినట్టు, మైలేజీ పడిపోయినట్టు అనుమానం. హన్మకొండలోనో కాజీపేటలోనో ఏదో ఒక షెడ్డుకు తీసుకెళ్తే స్కానర్ పెడతారు. తెర మీద పీ0171 అని ఒక కోడ్, పక్కనే ‘సిస్టమ్ టూ లీన్’ అన్న మాట, అంటే గాలికి తగినంత పెట్రోలు లేదని. ఆ వెంటనే తీర్పు వచ్చేస్తుంది: ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చాలి. కొత్తది వేస్తారు, కోడ్ చెరిపేస్తారు, లైటు ఆరుతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే లైటు, అదే కోడ్.

తీసి పారేసిన పాత సెన్సర్ చాలాసార్లు బాగానే ఉంటుంది. అది ఉన్నదున్నట్టు చెప్పింది, చెప్పినదాన్ని అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఈ సెన్సర్ ఏం కొలుస్తుందో, ఏది కొలవలేదో తెలిస్తే వేల రూపాయల ఖర్చు కొన్నిసార్లు లీకు ఆపే ఒక గాస్కెట్‌తోనో, ఒక రబ్బరు పైపుతోనో తీరిపోతుంది.

ఆక్సిజన్ సెన్సర్ చేసే పని ఒక్కటే. ఇంజిన్‌లో మంట అయిపోయాక బయటికొచ్చే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూస్తుంది. పెట్రోలు ఎంత పడిందో దానికి తెలియదు. ప్లగ్గు సరిగ్గా కాలుస్తోందో లేదో తెలియదు. ఆ ఆక్సిజన్ ఇంజిన్ గుండా వచ్చిందా, మధ్యలో పైపు పగులులోంచి దూరిందా అన్నదీ తెలియదు. మిగులును బట్టి పెట్రోలు తక్కువైందని, ఎక్కువైందని తేల్చుకునేది ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ. పెళ్లిలో ఒక బంతి లేచాక గుండిగలో మిగిలిన అన్నం చూసి, వచ్చే బంతికి ఎన్ని బియ్యం పోయాలో వంటమనిషి లెక్కేసుకున్నట్టే ఇది. తిన్నవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు, మిగిలినదాన్ని చూసి అంచనా కట్టారంతే. చాలావరకు ఆ అంచనా సరిపోతుంది.

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ పాళ్లు సరిగ్గా కుదిరితే దాన్ని లాంబ్డా 1 అంటారు. గాలి ఎక్కువైతే లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్. నిజానికి ఇంజిన్ నడవడానికి ఇంత కచ్చితత్వం అవసరమే లేదు. పాత కార్బురేటర్ బండ్లు ఆ అంకెకు అటూ ఇటూ తిరుగుతూనే దశాబ్దాలు నడిచాయి, ఎక్కువ బలం కావాలంటే మిశ్రమం కాస్త రిచ్‌గా ఉండటమే మేలు కూడా. ఈ పట్టుదల పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ది. అది ఒకేసారి రెండు వ్యతిరేకమైన పనులు చేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలకుండా మిగిలిన ఇంధనాన్ని కాల్చాలంటే ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి మాత్రం ఆక్సిజన్‌ను పీకేయాలి, దానికి చుట్టూ ఆక్సిజన్ ఎక్కువ ఉండకూడదు. రెండూ కుదిరేది లాంబ్డా 1 చుట్టూ ఉన్న సన్నటి సందులోనే. ఏ కార్బురేటరూ బండిని ఆ సందులో నిలబెట్టలేదు, అందుకే పొగలోకి ఒక సెన్సర్ పెట్టాల్సి వచ్చింది. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో అమ్మిన వోల్వో కార్లలో బాష్ కంపెనీ సెన్సర్ తొలిసారి వచ్చింది. మన దగ్గర ఇది అందరి ఇళ్లకూ చేరింది ఇటీవలే. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక బైకులు, స్కూటర్లలోనూ సైలెన్సర్ పైపుకు ఈ చిన్న ముక్క కనిపిస్తోంది.

సెన్సర్ లోపల ఉండేది జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం, అందులో కొంచెం యిట్రియా కలుపుతారు. మామూలు వేడిలో అది ఉత్త పింగాణీయే. 300 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ఆక్సిజన్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న ఆక్సిజన్ కణాలు, దానిలోంచి కదలడం మొదలుపెడతాయి. పాత రకంలో దీన్ని కుట్టుపని చేసేటప్పుడు వేలికి తొడుక్కునే టోపీ ఆకారంలో చేసి, లోపలా బయటా పలచగా ప్లాటినం పూత వేస్తారు. బయటి వైపుకు పొగ తగులుతుంది. లోపలి వైపుకు బయటి గాలి, అంటే దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉన్న మామూలు గాలి చేరుతుంది. రెండు వైపులా ఆక్సిజన్‌లో తేడా ఉంటే అయాన్లు ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోవాలని చూస్తాయి, దాంతో రెండు పూతల మధ్య వోల్టేజీ పుడుతుంది. ఆ వోల్టేజీ ఎంతో చెప్పే సూత్రం జర్మన్ శాస్త్రవేత్త వాల్థర్ నెర్న్‌స్ట్‌ది. ఇదే జిర్కోనియా కడ్డీని వేడిచేసి ఆయన 19వ శతాబ్దం చివర్లోనే ఒక విద్యుద్దీపం కూడా తయారుచేశాడు.

ప్లాటినం ఇక్కడ ఉత్త తీగలా కూర్చోదు. దానికి తగిలిన పొగలో ఇంకా కలవకుండా ఉన్న కార్బన్ మోనాక్సైడ్‌ను, ఆక్సిజన్‌ను అక్కడికక్కడే కలిపేస్తుంది. పెట్రోలు ఎక్కువైన పొగలో అలా కలిపాక ఆక్సిజన్ దాదాపు మాయమైపోతుంది. ఎంతగా అంటే దాని పీడనం వాతావరణ పీడనంలో ఒకటి పక్కన 20 సున్నాలు పెట్టి భాగిస్తే వచ్చేంత. గాలి ఎక్కువైన పొగలో అది ఒక శాతం దగ్గర నిలుస్తుంది. 600 డిగ్రీల వేడిలో ఈ రెండు అంకెలను నెర్న్‌స్ట్ సూత్రంలో పెడితే రిచ్‌కు సుమారు 0.84 వోల్టు, లీన్‌కు సుమారు 0.06 వోల్టు వస్తాయి. మధ్యలో మెట్లు ఉండవు. లాంబ్డా 1 దగ్గర వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, లేదా ఎగబాకుతుంది. కాబట్టి ఈ సెన్సర్ ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది చెప్పదు, గీతకు ఏ పక్కన ఉన్నామో మాత్రమే చెబుతుంది.

ఈసీయూకు అది చాలు. వోల్టేజీ 0.45 పైన కనిపిస్తే పెట్రోలు కొంచెం తగ్గిస్తుంది, కింద కనిపిస్తే కొంచెం పెంచుతుంది. బండి ఆగి స్లోలో ఉన్నా ఈ ఊగిసలాట సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి జరుగుతూనే ఉంటుంది. కన్వర్టర్‌లోని సీరియం ఆక్సైడ్ మిగులు ఆక్సిజన్‌ను దాచుకుని, కరువైనప్పుడు వదులుతుంది కాబట్టి ఈ ఊగిసలాట దాని పనికి అడ్డం రాదు. కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సర్ చూసేది ఈ దాపరికాన్నే. మొదటి సెన్సర్ గీత పైకీ కిందికీ దూకుతుంటే రెండోదాని గీత నిలకడగా సాగాలి. రెండోది కూడా మొదటిదానిలాగే దూకుతోందంటే కన్వర్టర్ ఆక్సిజన్ దాచుకోలేకపోతోందన్నమాట, పీ0420 కోడ్ అప్పుడే వస్తుంది. ఆ కోడ్ చూసి రెండో సెన్సర్ మార్చడం థర్మామీటర్ మార్చి జ్వరం తగ్గిందనుకోవడమే. రెండో సెన్సర్‌కు ఒక గొట్టం ముక్క తగిలించి పొగకు దూరంగా జరిపి లైటు ఆర్పే చిట్కా కూడా నడుస్తోంది. లైటు ఆరుతుంది, పొగ మారదు.

వేడి లేకపోతే ఈ సెన్సర్ నిద్రపోతుంది. మొదట్లో పొగ వేడే దిక్కు. పొద్దున స్టార్ట్ చేశాక చాలాసేపటిదాకా ఈసీయూ సెన్సర్‌ను పట్టించుకోకుండా సొంత పట్టికలు చూసి పెట్రోలు వేసేది. 1980ల నుంచి లోపల చిన్న హీటర్ పెడుతున్నారు. దాని విలువ మేడారం జాతర దారిలో తెలుస్తుంది. తాడ్వాయి అడవి దాటేటప్పుడు బండ్లు గంటల కొద్దీ మొదటి గేరులోనే పాకుతాయి, కాసేపు కదలడం, ఎక్కువసేపు ఆగడం. అలా స్లోలో ఉండిపోయిన ఇంజిన్ పొగ వేడి తగ్గుతుంది. హీటర్ కాలిపోయిన సెన్సర్ అప్పుడు చల్లబడి మౌనం దాలుస్తుంది, అదే బండి హైవే మీద బాగానే ఉంటుంది. ఊళ్లో మాత్రమే మైలేజీ పడిపోయిందనే ఫిర్యాదుకు ఇదొక కారణం. హీటర్ గురించి చెప్పే కోడ్‌లు మొదటి సెన్సర్‌కు పీ0135, రెండోదానికి పీ0141. నాలుగు వైర్ల సెన్సర్లలో సాధారణంగా ఒకే రంగులో ఉండే రెండూ హీటర్‌వి. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌తో వాటి మధ్య చూస్తే కొన్ని ఓముల రెసిస్టెన్స్ కనిపించాలి. అసలు ఏమీ చూపకపోతే హీటర్ తెగింది. సరిగ్గా చూపిస్తే సెన్సర్‌ను వదిలేసి ఫ్యూజు, వైరింగ్ వెతకాలి.

ఇక అసలు గొడవలోకి వస్తే, సెన్సర్‌ను మోసం చేసేవి ప్రధానంగా రెండు. మొదటిది సెన్సర్‌కు ముందు పైపులోనో, సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గరో పగులు. పొగ బయటికి చిమ్ముతుందే గానీ గాలి లోపలికెలా వస్తుందని అనిపిస్తుంది. పొగ ఒకే ధారగా రాదు, సిలిండర్ సిలిండర్‌కూ దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య పైపులో పీడనం క్షణంపాటు బయటికంటే తగ్గుతుంది, ఆ సందులో పగులు గాలి పీల్చుకుంటుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి లీన్ అంటుంది. ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. ఇంజిన్ నిజానికి రిచ్‌గా నడుస్తుంటుంది, స్కానర్ మాత్రం లీన్ అంటుంది. ఇలాంటి బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి వింటే మానిఫోల్డ్ వైపు టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది, ఇనుము వేడెక్కి సాగాక ఆగిపోతుంది. గాస్కెట్ అంచున నల్లటి మసి చార కూడా కనిపించవచ్చు.

రెండోది మిస్‌ఫైర్. మూడు సిలిండర్ల బండిలో ఒక ప్లగ్గు కాల్చడం మానేసిందనుకుందాం. ఆ సిలిండర్‌లోకి వెళ్లిన పెట్రోలూ గాలీ రెండూ కాలకుండానే పైపులోకి వస్తాయి. లెక్క ప్రకారం పాళ్లు ఏమీ తప్పలేదు, కానీ సెన్సర్ మీది కాస్త ప్లాటినం అంత పచ్చి పెట్రోలును కాల్చలేదు. దానికి కనిపించేది కుప్పలుగా ఆక్సిజన్. కాబట్టి లీన్ అంటుంది. పెట్రోలు వాసన కొడుతున్న పొగను చూసి పెట్రోలు చాలడం లేదనడం వింతగానే ఉంటుంది, కానీ అది పెట్రోలును చూడనే లేదు. మిస్‌ఫైర్‌ను ఈసీయూ పసిగట్టి ఇంజక్టర్ ఆపేలోపు పచ్చి పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి తేనెపట్టు లాంటి దిమ్మ కరిగేంత వేడి పుడుతుంది. చెక్ ఇంజిన్ లైటు స్థిరంగా వెలగకుండా మినుకుమినుకుమంటే చాలా కార్లలో అర్థం ఇదే. అప్పుడు జనగామ దాకా పోయి చూద్దామనుకోకుండా బండి పక్కకు ఆపడం మంచిది. ప్లగ్గు, కాయిల్ ఖర్చు కన్వర్టర్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఇంకొన్ని చోట్ల సెన్సర్ చెప్పింది నిజమే, తప్పు పైనుంచి వస్తుంది. ఇన్‌టేక్ వైపు, అంటే ఇంజిన్ గాలి పీల్చే వైపు, వాక్యూమ్ పైపు పగిలితే లెక్కకు రాని గాలి లోపలికి పోతుంది. పెట్రోలు పంపు బలహీనపడితే లోడు మీద పెట్రోలు చాలదు. ఈ రెంటినీ విడదీయడానికి స్కానర్‌లోనే మార్గం ఉంది, చాలా షెడ్లలో కోడ్ చదవడంతో ఆపేసి దాన్ని చూడరు. ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె శాతంలో కనిపిస్తుంది. ఈసీయూ తన పట్టికలో ఉన్నదానికంటే ఎంత పెట్రోలు అదనంగా వేస్తోందో, ఎంత కోస్తోందో అది చెబుతుంది. ప్లస్ మైనస్ 5 లోపు ఉంటే బాగున్నట్టు, 10 దాకా సర్దుకోవచ్చు, ప్లస్ 20, 25 దగ్గరికి చేరాక లీన్ కోడ్ పడుతుంది. స్లోలో ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2,500 ఆర్పీఎం దాకా రేస్ ఇస్తే మామూలుకొస్తే అది వాక్యూమ్ లీకు. ఇంజిన్ పీల్చే గాలి పెరిగేకొద్దీ పగులులోంచి వచ్చే గాలి వాటా తగ్గిపోతుంది కాబట్టి. స్లోలో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడో గట్టిగా తొక్కినప్పుడో పెరిగితే పంపు, ఫిల్టర్ వైపు చూడాలి.

ట్రిమ్ అర్థమైతే ఈ మధ్య ప్రతి బంకు దగ్గరా వినిపిస్తున్న ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గొడవ కూడా కొంత తేటపడుతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, కిలో మండడానికి 9 కిలోల గాలి చాలు. 20 శాతం కలిపిన పెట్రోలుకు పాళ్లు 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతాయి. సెన్సర్‌కు మాత్రం ఈ అంకెలతో పని లేదు. ఏ ఇంధనమైనా, అది సీఎన్‌జీ అయినా, దాని సొంత లాంబ్డా 1 దగ్గరే వోల్టేజీ దూకుతుంది. అంతే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలని ఈసీయూ గ్రహించి ట్రిమ్ పెంచుకుంటుంది. 10 శాతం ఇథనాల్‌కు సర్దుకున్న బండికి ఇది ఇంకో 4 శాతం దాకా పెంపు, అంతే. ఒట్టిగా ఇది కోడ్ తేదు. కానీ అప్పటికే పంపు అరిగి, ప్లస్ 18 దగ్గర బతుకుతున్న బండికి ఆ 4 శాతమే హద్దు దాటిస్తుంది. అప్పుడు యజమాని ఈ20ని తిడతాడు, మెకానిక్ సెన్సర్ మారుస్తాడు, పంపు జోలికి ఎవరూ పోరు. రబ్బరు భాగాలు, మైలేజీ గురించిన ఆందోళనలు వేరే చర్చ.

సెన్సర్ నిజంగానే చెడిపోదా అంటే, చెడిపోతుంది. ఊడదీస్తే కొన చూసే కారణం కొంత చెప్పవచ్చు. చాలా సెన్సర్లకు 22 ఎంఎం స్పానర్ పడుతుంది, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే తిప్పితే మరలు పాడవవు. కొన మీద పొడి నల్లటి మసి ఉంటే బండి చాలాకాలంగా రిచ్‌గా నడుస్తోంది. నూనె మరకలాంటి ముదురు పొర ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే సిలికాన్. ఈ చివరిది షెడ్లలోనే పుడుతుంది. గాస్కెట్‌కు మామూలు సిలికాన్ సీలెంట్ దట్టంగా పూస్తే దాని ఆవిరి ఇంజిన్ గుండా వచ్చి సెన్సర్ మీద గాజు పొరలా పేరుకుంటుంది. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ సిలిండర్‌లోకి దిగినా కొన్ని రకాల కూలెంట్లతో ఇదే జరుగుతుంది. ఒకప్పుడు అన్నిటికంటే పెద్ద శత్రువు సీసం. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్మడంతో ఆ బెడద పోయింది. కారణం అలాగే ఉంచి కొత్త సెన్సర్ వేస్తే అదీ అదే దారి పడుతుంది.

వయసు కూడా ఉంది. లక్ష కిలోమీటర్లు దాటాక స్పందన మందగిస్తుంది, వోల్టేజీ దూకాల్సిన చోట ఈడుస్తుంది. పీ0133 చెప్పేది దీన్నే. పాత రకం సెన్సర్‌ను పరీక్షించడం తేలికే. ఇంజిన్ వేడెక్కాక స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి ఒక్కసారి గట్టిగా రేస్ ఇస్తే వోల్టేజీ 0.8 దాటాలి, వదిలేయగానే 0.2 కిందికి రావాలి. రెండూ చకచకా జరిగితే సెన్సర్‌ను అనుమానించాల్సిన పనిలేదు. ఎటూ కదలకుండా 0.45 దగ్గర కూర్చుంటే మాత్రం అది చల్లగా అయినా ఉంది, చచ్చిపోయైనా ఉంది. కొత్త బండ్లలో చాలావాటికి ముందు వైపు వైడ్‌బ్యాండ్ సెన్సర్ వస్తోంది. అది చిన్న గదిలోకి ఆక్సిజన్‌ను తోడుతూ, తీస్తూ ఆ పనికి పట్టిన కరెంటును కొలుస్తుంది, అందుకే ఎంత లీన్, ఎంత రిచ్ అన్నది కూడా చెప్పగలదు. డీజిల్ బండ్లలో వాడేదీ ఇదే. దానికి పై పరీక్ష పనికిరాదు, స్కానర్‌లో లాంబ్డా అంకె చూడాలి.

ఇక మన వాతావరణం, మన రోడ్లు. ఆరుబయట నిలిపే బండ్లకు ఎలుకల బాధ తెలియనివారు లేరు, సెన్సర్ వైరు వాటికి అందేంత దూరంలోనే ఉంటుంది. యాసంగి కోతల కాలంలో రోడ్డు మీద పరిచిన గడ్డి మీదుగా పోతే పరకలు కింద చుట్టుకుని రెండో సెన్సర్ వైరును లాగుతాయి, కన్వర్టర్ వేడికి ఆ గడ్డి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. 2023 జులైలో వరంగల్ కాలనీలు మునిగినట్టు బండి నీళ్లలో నిలబడితే ముందు ఇంజిన్ సంగతి చూస్తారు, అది న్యాయమే. కానీ కాగుతున్న సెన్సర్‌కు చల్లటి నీళ్లు తగిలితే లోపలి పింగాణీ పగులుతుంది, కనెక్టర్‌లో నీళ్లు నిలిస్తే తప్పుడు వోల్టేజీ వస్తుంది.

తెగిన వైరును అతికేటప్పుడు ఒక సంగతి షెడ్లలో చాలామంది పట్టించుకోరు. చాలా డిజైన్లలో సెన్సర్ లోపలికి బయటి గాలి చేరేది వైరు పోగుల మధ్య సందుల గుండానే. టంకం కరిగించి పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపలి ఆక్సిజన్ తగ్గితే రెండు వైపులా తేడా తగ్గి, వోల్టేజీ పడిపోయి, సెన్సర్ రోజంతా లీన్ అంటుంది. క్రింప్ చేసే కనెక్టర్‌తోనే అతకాలి, కనెక్టర్‌లో గ్రీజు కుక్కకూడదు.

పొల్యూషన్ సర్టిఫికెట్‌ను చూసి సెన్సర్ బాగుందనుకోవడానికి లేదు. బంకు పక్కన వ్యానులో కొలిచేది సైలెన్సర్ చివర, అంటే కన్వర్టర్ శుభ్రం చేశాక వచ్చే పొగ. కన్వర్టర్ బలంగా ఉన్నంతకాలం అది ముందున్న తప్పును కప్పేస్తుంది. బీఎస్‌-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఇంజిన్‌ను 2,500 ఆర్పీఎం దగ్గర నడిపించి లాంబ్డా కూడా చూడాలని నిబంధన, 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. రసీదు మీద ఆ అంకె ఉంటే ఒకసారి చూడటం మంచిది. 1.03 దాటిందంటే ముందు సైలెన్సర్‌కు చిల్లు ఉందేమో చూడాలి, అక్కడా దూరేది బయటి ఆక్సిజనే.

మార్చక తప్పనప్పుడు బండికి సరిపోయే పార్ట్ నంబరుదే తీసుకోవాలి. సగం ధరకు వచ్చే పేరులేని సెన్సర్లు వోల్టేజీ చూపిస్తాయి గానీ హీటర్ రెసిస్టెన్స్ వేరుగా ఉండి కొత్త కోడ్ తెస్తాయి. బిగించాక కోడ్ చెరిపేస్తే చాలా బండ్లలో ఈసీయూ నేర్చుకున్న పాత ట్రిమ్ కూడా పోతుంది, కొద్ది రోజులు స్లో కాస్త అటూ ఇటూ అవుతుంది. ఊళ్లో కొంత, హైవే మీద కొంత నడిపాక మళ్లీ స్కానర్ పెట్టి చూడాల్సింది లైటును కాదు, ట్రిమ్‌ను. అది ఇంకా ప్లస్ 20 దగ్గరే ఉంటే కొత్త సెన్సర్ కూడా పాతది చెప్పిందే చెబుతోంది.